ఎనిమిదో గడి దగ్గర ఒక్క నిమిషం

ఝరాసంగం వెళ్ళి కేతకీ సంగమేశ్వర స్వామిని చూసి వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. శివుడికి మొగలిపువ్వు పెట్టకూడదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెబుతారు. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆ పువ్వు శివపూజకు దూరమైందని పురాణ కథ. జహీరాబాద్ దగ్గరున్న ఈ ఊళ్ళో మాత్రం స్వామి పేరే కేతకితో, అంటే మొగలిపువ్వుతో, మొదలవుతుంది, పూజలో ఆ పువ్వుకు చోటుంది. ఊరూరా పక్కన పెట్టిన పువ్వును ఇక్కడ కోరి తెచ్చుకుంటారు.

ఈ అధ్యాయం చదరంగం గురించి. అయినా గుడి దగ్గర మొదలుపెట్టాను. ఎక్కువ బలమున్నదాన్ని వదిలేసి తక్కువ బలమున్నదాన్ని ఎంచుకోవడం గురించి ఎవరికైనా చెప్పాలనుకున్నప్పుడల్లా నాకు ముందు ఆ పువ్వు గుర్తొస్తుంది. ఆ వెంటనే 1895లో స్కాట్లాండ్‌లో ఒక స్పానిష్ ఫాదర్ చూసిన ఎత్తు గుర్తొస్తుంది.

ఆట రానివాళ్ళ కోసం నాలుగు మాటలు. బంటు ముందుకే నడుస్తుంది, వెనక్కి రాదు. ఎదుటివాడి చివరి వరుస, అంటే ఎనిమిదో గడి చేరితే అది బంటుగా ఉండడానికి వీల్లేదు. మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం, ఈ నాలుగింటిలో ఒకటి కావాలి. ఏది కావాలో ఆడేవాడి ఇష్టం. చచ్చిపోయిన కాయే కావాలన్న షరతు కూడా లేదు. పలకమీద మంత్రి ఉండగానే రెండో మంత్రిని తెచ్చుకోవచ్చు.

మన దేశపు పాత ఆటలో ఈ స్వేచ్ఛ లేదు. చాలాచోట్ల బంటు ఏ కాయ ఇంట్లోకి చేరితే ఆ కాయే అయ్యేది. ఏనుగు ఇంటికి వెళితే ఏనుగు, గుర్రం ఇంటికి వెళితే గుర్రం. నడిచిన దారే దాని రాతను నిర్ణయించేది. అరబ్బుల ఆటలో మరీ ఇరుకు. అక్కడ బంటు మంత్రి మాత్రమే అయ్యేది, ఆ మంత్రి కూడా ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలే బలహీనుడు. పదిహేనో శతాబ్దం చివర్లో ఐరోపాలో మంత్రికి ఇప్పటి బలం వచ్చింది. అప్పటి నుంచి బంటు చివరి గడి చేరడమంటే ఆట తారుమారు కావడమే.

అందుకే ఎనిమిదో గడి చేరిన పిల్లవాడు ఒక్క క్షణం కూడా ఆలోచించడు. చెయ్యి దానంతట అదే మంత్రి వైపు వెళుతుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు అది సరైన పనే అని ముందే ఒప్పుకుంటున్నాను. మిగిలిన ఆ ఒక్కసారి కోసమే ఈ అధ్యాయం.

ఒక పలక తెచ్చుకోండి. లేకపోతే కాగితం మీద గీసుకోండి. నిలువు వరుసలకు ఎడమ నుంచి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్ అని పేర్లు పెట్టండి. అడ్డ వరుసలకు తెల్లవాళ్ళ వైపు నుంచి 1 మొదలుకొని 8 వరకు అంకెలు వేయండి. తెల్ల రాజును ఎఫ్ 6లో, తెల్ల బంటును ఎఫ్ 7లో పెట్టండి. నల్ల రాజు హెచ్ 7లో ఒంటరిగా ఉన్నాడు. ఎత్తు తెల్లవాళ్ళది.

బంటును ఎఫ్ 8కి జరిపి మంత్రిని చేశారా? ఒకసారి నల్ల రాజు వైపు చూడండి. జీ 8, హెచ్ 8, హెచ్ 6 గడులను మీ కొత్త మంత్రి కాస్తోంది. జీ 6, జీ 7 గడులను మీ రాజు కాస్తున్నాడు. అతను ఎటూ కదల్లేడు, అతని మీద చెక్, అంటే నేరుగా దాడి, కూడా లేదు. దీన్ని స్టేల్‌మేట్ అంటారు, ఆట డ్రా. గెలిచే ఆటను మీ చేతులతో మీరే ఆపేశారు.

ఇప్పుడు మంత్రిని తీసేసి అక్కడ ఏనుగును పెట్టండి. ఏనుగు ఐమూలగా చూడలేదు కాబట్టి హెచ్ 6 గడి తెరుచుకుంటుంది. నల్ల రాజుకు మిగిలింది ఆ ఒక్క గడే, వెళ్ళక తప్పదు. అతను అక్కడికి రాగానే ఏనుగును హెచ్ 8కి జరపండి. ఆటకట్టు. మంత్రికి ఉన్న అదనపు చూపు ఏదైతే ఉందో, అదే గెలుపుకు అడ్డుపడింది. ఈ మూడు కాయల పాఠాన్ని నేను చాలామంది పిల్లలకు చూపించాను. మంత్రిని చేసి డ్రా అయినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం, ఏనుగుతో గెలిచినప్పుడు కనిపించే ఆశ్చర్యం కన్నా పెద్దది.

ఇక ఆ ఫాదర్ సంగతి. 1875లో పాటర్, ఫెంటన్ అనే ఇద్దరు ఆడిన ఒక ఆట డ్రాగా ముగిసింది. ఇరవై ఏళ్ళ తర్వాత పాటర్ చనిపోయాడు. గ్లాస్గోలో వచ్చే ‘వీక్లీ సిటిజన్’ పత్రికలో చదరంగం శీర్షిక నడిపే బార్బియే అనే ఆయన, ఆ పాత ఆటను గుర్తు తెచ్చుకుని దాని ముగింపు లాంటి స్థితిని అచ్చు వేశాడు. తెల్లవాళ్ళకు రాజు, ఒక బంటు. నల్లవాళ్ళకు రాజు, ఒక ఏనుగు. 1895 మే నెలలో ఆయన ఇంకో మెలిక కనిపెట్టాడు. బంటు మంత్రి అయినా సరే, నల్లవాళ్ళు ఏనుగును బలిచ్చి స్టేల్‌మేట్ చేసుకోవచ్చని చూపించాడు. డ్రా అని పత్రికలో తీర్పు అచ్చయింది.

అప్పుడు గ్లాస్గోలో ఫెర్నాండో సావేద్రా అనే స్పెయిన్ దేశపు క్రైస్తవ గురువు ఉండేవాడు. పోటీల్లో పేరు తెచ్చుకున్న ఆటగాడేమీ కాదు. అచ్చయిన తీర్పును ఆయన మళ్ళీ పలకమీద పెట్టి చూశాడు. తెల్లవాళ్ళకు గెలుపుందని కనిపెట్టాడు. చదరంగ చరిత్రలో ఆయన పేరు నిలబడింది ఆ ఒక్క ఎత్తుతోనే. ఇప్పుడు ఆ స్థితిని ప్రపంచమంతా సావేద్రా స్థితి అనే పిలుస్తుంది.

దాన్ని కూడా పలకమీద పెడదాం, తొందరపడకండి. తెల్ల రాజు బీ 6, తెల్ల బంటు సీ 6. నల్ల రాజు మూలన ఏ 1, నల్ల ఏనుగు డీ 5. తెల్లవాళ్ళు బంటును సీ 7కి తోస్తారు. ఏనుగు దాన్ని పట్టలేదు కాబట్టి డీ 6కి వచ్చి చెక్ పెడుతుంది. ఇక్కడ రాజు ఎటు వెళ్ళాలన్నదే మొదటి పరీక్ష. బీ 7కి వెళితే ఏనుగు డీ 7కి వచ్చి బంటును రాజుకు కట్టేస్తుంది, అది కదల్లేదు. సీ 5కి వెళితే ఏనుగు డీ 1కి దిగిపోయి, బంటు మంత్రి కాగానే సీ 1 నుంచి చెక్ పెడుతుంది. రాజు తప్పుకోగానే వెనకనున్న మంత్రి పోతుంది. అందుకని రాజు బీ 5కి దిగాలి. ఏనుగు డీ 5లో చెక్, రాజు బీ 4. ఏనుగు డీ 4లో చెక్, రాజు బీ 3. ఏనుగు డీ 3లో చెక్, రాజు సీ 2. మెట్లు దిగినట్టు ఒక్కొక్క గడి. ఇప్పుడు ఏనుగుకు పనికొచ్చే చెక్‌లు అయిపోయాయి.

ఓడిపోయినట్టే అనుకున్న నల్లవాళ్ళు అప్పుడు ఏనుగును డీ 4కి తీసుకువెళతారు. బార్బియే చూసిన మెలిక ఇదే. బంటు సీ 8లో మంత్రి అయితే ఏనుగు సీ 4కి వచ్చి చెక్ పెడుతుంది. మంత్రి దాన్ని చంపక తప్పదు, చంపితే మూలనున్న నల్ల రాజుకు కదలడానికి గడి ఉండదు. డ్రా.

సావేద్రా మంత్రిని వద్దన్నాడు. సీ 8లో ఏనుగును నిలబెట్టాడు. ఇప్పుడు నల్ల ఏనుగు సీ 4కి వచ్చి చచ్చినా స్టేల్‌మేట్ లేదు, ఎందుకంటే సీ 4లోని ఏనుగు ఏ 2 గడిని చూడలేదు. పైగా తెల్ల ఏనుగు ఏ 8కి వెళ్ళి ఆట కట్టేస్తానని బెదిరిస్తోంది. దాన్ని ఆపాలంటే నల్ల ఏనుగు ఏ 4కి రావాలి. అప్పుడు తెల్ల రాజు ఒక్క అడుగు వేసి బీ 3కి వస్తాడు. ఆ ఒక్క అడుగుతో రెండు బెదిరింపులు. పక్కనే ఉన్న ఏనుగును చంపుతాడు, లేదంటే తెల్ల ఏనుగు సీ 1లో ఆటకట్టు చేస్తుంది. రెంటినీ ఒకేసారి కాచుకునే ఎత్తు నల్లవాళ్ళకు లేదు.

ఎన్నిసార్లు చూసినా నాకు ఆ బీ 3 ఎత్తు దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ కథను చాలామంది వినయానికి ఉదాహరణగా చెబుతారు. పెద్ద పదవి వద్దని చిన్న పదవితో తృప్తిపడ్డాడు, ఎంత గొప్ప మనసు అంటారు. నేను ఒప్పుకోను. ఏనుగును ఎంచుకున్న చెయ్యి తృప్తి కోసం ఎంచుకోలేదు, గెలవడానికి ఎంచుకుంది. అంతవరకు అందరూ డ్రాతో సరిపెట్టుకున్నారు. ఒక్కడే సరిపెట్టుకోలేదు, గెలుపు కావాలనుకున్నాడు. ఆ కోరిక ఉన్నవాడికే ఏనుగు కనిపించింది. భయంతో చిన్నదాన్ని ఎంచుకోవడం వేరు. ‘ఇంజనీరింగ్ నావల్ల కాదేమో, ఏదో ఒక కోర్సు చాలు’ అనుకునే అమ్మాయి సావేద్రా ఎత్తు వేయడం లేదు. ఆమె బంటును ఏడో గడిలోనే ఆపేస్తోంది. ‘ఇంజనీరింగ్ చేయగలను, కానీ నేను చేరాలనుకున్న చోటికి నర్సింగే దగ్గర దారి, ఇదిగో లెక్క’ అని తండ్రికి ఎదురుగా కూర్చుని చెప్పగలిగిన అమ్మాయి వేసినదే ఆ ఎత్తు. బయటినుంచి చూస్తే ఇద్దరి నిర్ణయం ఒక్కలాగే కనిపిస్తుంది. లోపలి లెక్క వేరు.

మీ నిర్ణయం ఈ రెంటిలో ఏదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. మంత్రిని చేస్తే ఆ తర్వాతి ఎత్తులు ఎలా పోతాయో పూర్తిగా చెప్పగలరా? సావేద్రా చెప్పగలడు. మంత్రి అయితే ఏనుగు సీ 4కి వస్తుంది, చంపాలి, డ్రా అవుతుంది, అని వేలు పెట్టి చూపగలడు. వేలు పెట్టి చూపలేని చోట మంత్రినే చేయండి. బలం ఎప్పుడూ చెడ్డది కాదు. లెక్క లేకుండా దాన్ని వదులుకోవడమే చెడ్డది.

కొన్నిచోట్ల కావలసింది బలం కాదు, వేగం. గుర్రం అయ్యే బంట్లు ఆ కోవవి. మంత్రి ఎన్ని వైపులా చూసినా గుర్రంలా ఎగరలేదు. ఆల్బిన్ ఎదురుదాడి అనే ఆరంభంలో లాస్కర్ ఉచ్చు అని ఒకటుంది. 1894 నుంచి 1921 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న ఇమాన్యుయేల్ లాస్కర్ పేరు మీద వచ్చింది. తెల్లవాళ్ళు అజాగ్రత్తగా ఉంటే నల్ల బంటు ఏడో ఎత్తుకే తెల్లవాళ్ళ చివరి వరుస చేరి గుర్రమవుతుంది, అదీ చెక్ పెడుతూ. అక్కడ మంత్రిని చేస్తే చెక్ ఉండదు, ఎదుటివాడికి ఒక ఎత్తు దొరుకుతుంది, నల్లవాళ్ళ అసలు మంత్రి పోతుంది. ఏడో ఎత్తు అంటే ఆట ఇంకా మొదలైనట్టే లెక్క. పలక నిండా కాయలుండగానే ఇలాంటి నిర్ణయం ఎదురు కావచ్చు.

ఇలాంటి స్థితులను పనిగట్టుకుని కూర్చేవాళ్ళున్నారు. మనవాళ్ళు కూడా కూర్చారు. తిరువెంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో రాసిన చదరంగ స్థితుల పుస్తకం 1814లో బొంబాయిలో ఇంగ్లిషులో అచ్చయింది. అమెరికాకు చెందిన శామ్ లాయిడ్ కూర్చిన ఒక సమస్య 1861లో అచ్చయింది. ఏ కాయ ఆట కట్టలేదో చెప్పమని స్నేహితుడితో పందెం వేసి, అతను చూపించిన బీ 2 బంటుతోనే అయిదో ఎత్తులో ఆట కట్టించాడు. కదలకుండా మొదటి చోటే నిలబడి ఉన్న బంటు అది! 1884లో బాబ్సన్ అనే ఇంకో అమెరికన్ అంతకన్నా కష్టమైన కోరిక కోరాడు. నల్ల బంటు ఏ కాయ అయితే తెల్ల బంటు కూడా సరిగ్గా అదే అయితేనే గెలవాలి. మంత్రికి మంత్రి, ఏనుగుకు ఏనుగు, ఒంటెకు ఒంటె, గుర్రానికి గుర్రం. ఇది అసాధ్యమని చాలామంది వదిలేశారు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1983లో, కజాన్ నగరంలో ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసే లియొనీద్ యారోష్ నాలుగు ఎత్తుల్లో దాన్ని సాధించాడు. ఫాదర్, ఫుట్‌బాల్ కోచ్. ఈ రంగంలో గొప్ప ఎత్తులు చాలాసార్లు బయటివాళ్ళ చేతుల్లోంచి వచ్చాయి. వాళ్ళకు ‘ఇక్కడ మంత్రినే చేయాలి’ అన్న అలవాటు అంతగా ఉండదు కాబట్టే అని నా నమ్మకం.

చదరంగం వదిలి కాసేపు ఝరాసంగం మండలంలోకి రండి. ఇక్కడి మాచనూరులో, చుట్టుపక్కల ఊళ్ళలో చాలావరకు ఎర్ర నేల. వానమీద ఆధారపడిన పేద దళిత మహిళలకు ఉన్నవి ఎకరా, రెండెకరాల చెలకలు. బోరు వేసి వరి, చెరకు, పత్తి పండించడమే పైకి రావడమని చుట్టూ అందరూ చెప్పిన కాలంలో, 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది, అనుములు కలిపి వేసుకున్నారు. బీడు పడిన నేలలు విడిపించుకున్నారు. విత్తనాన్ని కొనకుండా ఇంట్లోనే బూడిదలో, వేపాకులో దాచుకున్నారు. ఇది పాతకాలం మీద మమకారంతో చేసిన పని అనుకుంటే పొరపాటు. వాళ్ళ లెక్క మీరు వింటే సావేద్రా లెక్కలాగే ఉంటుంది. పత్తి వేస్తే విత్తనానికి అప్పు, మందుకు అప్పు, వాన తప్పితే కదలడానికి గడి లేదు. పది రకాలు కలిపి వేస్తే ఒకటి పోయినా ఇంకోటి ఇంటికి వస్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

అదే మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. దాని వెనక పదేళ్ళ నిరీక్షణ ఉంది. గది కట్టుకున్నారు, యంత్రాలు వచ్చాయి, ఊరి ఆడవాళ్ళు రికార్డింగ్ నేర్చుకున్నారు. గాలిలోకి పంపడానికి మాత్రం అనుమతి లేదు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చన్న విధానం 2006లో గానీ రాలేదు. ఈలోగా వాళ్ళు చేసిన పనే నాకు ఎంతో ఇష్టం. రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాలకు మోసుకెళ్ళి అక్కడ వినిపించారు. రేడియో కావాల్సిన చోట టేపురికార్డరు. అనుమతి వచ్చేనాటికి వాళ్ళ దగ్గర పాటలు, పంటల కబుర్లు, వాటిని చెప్పగల గొంతులు సిద్ధంగా ఉన్నాయి.

స్టేల్‌మేట్ గురించి ఇంకొక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళల్లో నేను ఎక్కువగా చూసేది అదే. చదరంగంలో ఎదుటి రాజుకు ఒక్క గడి కూడా మిగల్చకపోతే ఆట ఆగిపోతుంది. ఇంట్లో ఎదుటివాళ్ళు శత్రువులు కూడా కాదు. కొడుకు ఏం చదవాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో తిరగాలో అన్నీ తానే చెప్పే తండ్రి మంచి ఉద్దేశంతోనే చెబుతాడు. ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి ఆ పిల్లవాడు మాట్లాడడం మానేస్తాడు. కోపం ఉండదు, గొడవ ఉండదు, ఏ ఎత్తూ ఉండదు. నా దగ్గరికి ఒక తండ్రి వచ్చి, ‘వీడిలో చలనం లేదు సార్’ అన్నాడు. చలనం ఉండడానికి ఆయన గడి వదల్లేదు. అన్ని గడులనూ తానే కాస్తున్నాడు. ఆయనతో నేను చెప్పింది ఒక్కటే. ఒక్క విషయంలో, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా వాడేం చేస్తాడన్న విషయంలో, మీరు మంత్రిగా ఉండకండి, ఏనుగుగా ఉండండి. ఐమూలగా చూడకండి. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నెల రోజులు ప్రయత్నించాడు. ఆ నెలలోనే పిల్లవాడు తనంతట తాను ఒక ప్రశ్న అడిగాడని తర్వాత ఫోన్ చేసి చెప్పాడు.

సంఘానికి అధ్యక్షురాలైనవాళ్ళు, ఆఫీసులో మొదటిసారి పదిమంది మీద అధికారం వచ్చినవాళ్ళు కూడా ఈ తప్పు చేస్తారు. కొత్తగా వచ్చిన బలాన్నంతా మొదటి రోజే వాడాలనిపిస్తుంది.

సాధన ఎలా చేయాలంటారా? తెలంగాణలో ఇప్పుడు బడుల్లో పిల్లలు చదరంగం ఆడుతున్నారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటిన తర్వాత పిల్లల ఉత్సాహం ఇంకా పెరిగింది. ఆ ఉత్సాహాన్ని వాడుకోండి. రోజుకో ఆట ఆడడం కన్నా, రోజుకో కూర్చిన స్థితిని పలకమీద పెట్టి, కాయ కదపకుండా పది నిమిషాలు చూడండి. ‘మంత్రిని చేస్తే?’ అని ముందు అడగండి, చివరిదాకా లెక్క వేయండి. గెలుపు కనిపిస్తే సరే, మంత్రినే చేయండి. కనిపించకపోతే అప్పుడు ఏనుగు, గుర్రం, ఒంటె. చాలామంది ఈ వరుసను తిరగేసి, వింతగా ఉందని ముందే గుర్రాన్ని చేస్తారు. అది తెలివి చూపించుకోవడం. దానికి ఈ పుస్తకంలో చోటు లేదు. జీవితంలో ఏదైనా పెద్ద నిర్ణయం మీ ముందుకు వచ్చినప్పుడు కూడా ఇలాగే ఒక కాగితం తీసుకుని, అందరూ చెప్పే దారిని ముందు పూర్తిగా రాయండి. అయిదో ఎత్తు దాకా రాయండి. చాలామంది రెండో ఎత్తు దగ్గరే ఆగిపోతారు.

ఇంకో స్థితి ఇచ్చి ముగిస్తాను. తెల్ల రాజు హెచ్ 1, తెల్ల బంట్లు జీ 2, హెచ్ 2, సీ 7. నల్ల రాజు ఏ 7, నల్ల మంత్రి ఈ 7. ఎత్తు తెల్లవాళ్ళది. మంత్రిని చేస్తే మరుక్షణం ఓడిపోతారు, ఎలాగో ముందు అది కనిపెట్టండి. గెలిపించే కాయ ఒక్కటే ఉంది. జవాబు నేను రాయడం లేదు. ఈ రాత్రి ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పలకమీద పెట్టండి, వాళ్ళు చెప్పేదాకా మీరు నోరు విప్పకండి.